ఆర్డ్‌వోరీ ఆఖరి సీసా

భోజనాలకు ఇంకా రెండు గంటలుందనగా ఎఫీ చేతిలోంచి ఆ సీసా జారిపోయింది.

రాతి నేల. ఒకటే చప్పుడు. పచ్చ గాజు వంటింటి నాలుగు మూలలకూ ఎగిరింది. కుక్క బ్రాన్ పరుగున వచ్చి నేలమీది మడుగును గబగబా నాకేసింది.

"ఛీ! పో అవతలకి!"

తరిమేలోపే సగం ఖాళీ. నలభయ్యేళ్లు దాచుకున్న విస్కీ కుక్కల పాలైంది. పొయ్యిమీద పొగబెట్టిన చేపల సూప్ ఉడుకుతోంది. ఆ ఘాటులో ఎఫీ ముక్కుకు ఇంకే వాసనా తెలియలేదు. తెలిస్తే మాత్రం ఏం లాభం, ఇంకాస్త ఏడవడానికి తప్ప!

అది మామూలు సీసా కాదు. ఊరికి పేరు తెచ్చిన ఆర్డ్‌వోరీ విస్కీ బట్టీ మూతపడిన రోజున నింపిన ఆఖరి సీసా. ఆ బట్టీలో చివరిదాకా పనిచేసిన రానల్డ్ దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఏటా బిరడా చుట్టూ కొత్త లక్క కూడా తనే పోసేవాడు. ఈ ఏడు ఊరి విస్కీ పండగకు పాతికేళ్లు నిండాయి. ముగింపు భోజనంలో సీసా తెరవాల్సిందేనని కమిటీ పట్టుబట్టింది.

పొద్దున్న రానల్డ్ దాన్ని చంటిపిల్లలా పొదువుకుని తెచ్చాడు. ఎనభై రెండేళ్ల మనిషి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడో ఓ మూల పెట్టమ్మా. తొందరేం లేదు. వాళ్లు మరిచిపోతే మనం గుర్తు చెయ్యొద్దు."

పాపం, విడిచిపెట్టడానికి ప్రాణం ఒప్పట్లేదనుకుంది ఎఫీ. ఇప్పుడాయనకు ఏమని చెప్పాలి? వింటే ఆ ముసలి గుండె ఆగిపోదూ? పంతొమ్మిదేళ్లుగా ఈ భోజనం తన చేతిమీదుగా నడుస్తోంది. ఇక ఊళ్లో తలెత్తుకోగలదా?

ఆ బట్టీ ఖాళీ సీసాలు ఊళ్లో ఇంటింటా ఉన్నాయి, పూలు పెట్టుకోవడానికి. ఎఫీ కిటికీలోనూ ఒకటుంది. పూలు తీసి పారేసింది. సీసా కడిగింది. ఓట్స్, మీగడ కలిపి చేసే తీపిలో పొయ్యడానికి తెచ్చిన విస్కీ ఉంది. కొట్లో అన్నిటికన్నా కింది అరలో దొరికే చవక సరుకు. దాన్నే అందులో వంచింది. గాజు పెంకుల్లోంచి పాత బిరడా ఏరి బిగించింది. ఎర్ర కొవ్వొత్తి కరిగించి చుట్టూ పోసింది. పగిలిన సీసా మెడకున్న చేతిరాత చీటీని విప్పి దారంతో దీని మెడకు కట్టింది.

'దేవుడా, ఈ పూటకి అందరికీ జలుబు చెయ్యి' అని దణ్ణం పెట్టుకుంది.

పక్కనే ఊరి హాలు. అరవై మంది కూర్చున్నారు. సూప్‌తో ఒక గ్లాసు విస్కీ, జింక మాంసంతో ఒకటి, జున్నుతో ఇంకోటి. నాలుగో గ్లాసుకు పాటలు మొదలయ్యాయి. రానల్డ్ ఒక్కడే చెంచా ముట్టలేదు.

"ఏం పెద్దాయనా, పెళ్లికొడుకులా బిగుసుకుపోయారేం?" అన్నాడు కమిటీ పెద్ద ఫర్కర్.

"వచ్చే ఏడు తెరుద్దాంరా. పాతిక కన్నా ఇరవయ్యారు మంచి అంకె."

హాలంతా గొల్లున నవ్వింది.

"ఆ కబుర్లు చాలా ఏళ్లుగా వింటున్నాం. తియ్యండి, తియ్యండి!" అన్నాడు ఫర్కర్.

చివరి గ్లాసు అందరికన్నా పెద్దవాడు ముందు తాగాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టరు. ఆ ఊరి ఆనవాయితీ అది. రానల్డ్ లేచాడు. బిరడా తీసి గ్లాసులో కాస్త వంచుకున్నాడు. గుమ్మం దగ్గర ఎఫీ ఏప్రన్ నోట్లో కుక్కుకుంది.

ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆగిపోయాడు. మళ్లీ వాసన చూశాడు. సీసా వంక చూశాడు. పైకి, దేవుడి వంక చూశాడు. ఒక్క గుక్క తాగాడు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఒరేయ్... ఒరేయ్, ఇది విస్కీరా!"

హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు, ఈలలు, కౌగిలింతలు. తలా రెండు చెంచాల చొప్పున పంచారు. ఫర్కర్ కళ్లు మూసుకుని చప్పరించాడు.

"పాత తోలు... ఎండిన అంజీరం... ఎక్కడో దూరంగా సముద్రం. ఇలాంటిది ఇక పుట్టదు!"

ఎందుకు పుట్టదు, మంగళవారం కొట్లోకి కొత్త లోడు వస్తుందిగా అనుకుంది ఎఫీ.

భోజనాలయ్యాక రానల్డ్ కూనిరాగం తీస్తూ వంటింట్లోకి వచ్చాడు. చల్లారిన సూప్ రెండు గిన్నెలు తాగి, మూడోది అడిగాడు. ఆ సంతోషం చూస్తుంటే ఎఫీ ఇక దాచలేకపోయింది. జారిన సీసా, నాకిన కుక్క, కింది అర విస్కీ, కొవ్వొత్తి, అంతా ఏడుస్తూ చెప్పేసింది.

"నన్ను క్షమించండి పెద్దాయనా. నలభయ్యేళ్ల మీ ప్రాణాన్ని మట్టిపాలు చేశాను."

రానల్డ్ నవ్వడం మొదలెట్టాడు. బల్ల పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని, ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"పిచ్చి తల్లీ, అందులో విస్కీ నేనెప్పుడో ఓ చలికాలం, మంచుకి దారులు మూసుకుపోయిన వారంలో తాగేశాను, మీ కుక్క నాకిందంతా చల్లారిన టీ!"