మూడో పేరా

ఉదయం పదిన్నరకి భౌతికశాస్త్రం మేడం కారిడార్‌లో ఎదురుపడింది. చేతిలో పుస్తకాలు గుండెకి హత్తుకుని, "మూడో పేరా చదివి నమ్మలేకపోయానండీ. మళ్లీ మొదట్నుంచి చదివాను," అంది.

"నేనూ అంతే," అన్నాడాయన.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. మళ్లీ చదవడం మాట దేవుడెరుగు, ఆయన ఒక్కసారి కూడా చదవలేదు.

ఆవిడ ఎందుకో పకపకా నవ్వింది. "భలేవారే! కానీ దానికి నిజంగా ధైర్యం కావాలండీ."

దేనికి? అడగలేడు కదా.

"చివరి వాక్యం కాస్త ఎక్కువైందేమో," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అయ్యో, అలా అనకండి. అందులో అసలు అందమే ఆ వాక్యం," అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుని తరగతికి వెళ్లిపోయింది.

ఆ యూనివర్సిటీలో అధ్యాపకులందరికీ నెలనెలా ఒక ఉత్తరం వెళ్తుంది. కొత్త కోర్సులేమిటి, లైబ్రరీ ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది, ఏ విభాగానికి ఏ పరికరం వచ్చింది, అన్నీ అందులోనే. ఈ నెలది సోమవారం సాయంత్రం ఆయన కంప్యూటర్‌లోకి వచ్చింది. నాలుగు పేజీలు. సర్రున కిందికి జరిపేసి, అడుగున 'చదివాను' అన్నచోట ఒక్క నొక్కు నొక్కాడు. మూడేళ్లుగా అదే పద్ధతి. చదువు పేరు చెప్పుకుని బతుకుతున్న మనిషికి చదవడమంటే ఎంత బద్ధకమో ఆ మీటకే తెలుసు.

ఆ ఉత్తరం తయారుచేసే ఆఫీసమ్మాయి ఆ రోజు గుమ్మంలో నిలబడి అడిగింది కూడా.

"సార్, మూడో పేరా ఒక్కసారి చూశారా?"

"అక్షరం అక్షరం చూశానమ్మా."

చూశానంటే సరిపోయేది. అబద్ధానికి అంత అలంకారం ఎందుకో!

అసలు చిక్కు మధ్యాహ్నం మూడింటికి ఉంది. అధ్యాపకులందరి సమావేశం. ఉత్తరం మీద మొదట మాట్లాడాల్సింది ఆయనే. పోయినసారి అదే హాల్లో, "ఉత్తరం చదవనివాళ్లు ఏ మొహం పెట్టుకుని పాఠాలు చెబుతున్నారు?" అని బల్ల గుద్దిందీ ఆయనే. ఇప్పుడు దొరికిపోయాడంటే రెండు వందల మంది ముందు పరువు పోతుంది.

ఇంకా బోలెడు టైముంది, గదిలో కూర్చుని చదివేద్దామని జేబు తడుముకున్నాడు. కళ్లజోడు లేదు. దూరంగా ఉన్నవి బ్రహ్మాండంగా కనిపిస్తాయి గానీ, కళ్లజోడు లేకపోతే చేతిలో కాగితమైనా, ఎదుట కంప్యూటరైనా ఆయనకి చీమల బారే. భార్యకి ఫోన్ చేశాడు.

"ఫ్రిజ్ మీద ఉంది," అందావిడ. "తల కూడా అక్కడే పెట్టి వెళ్లారా? నేను బ్యాంకుకి వచ్చేశాను. ఇంటికి తాళం."

ఎవరినైనా పిలిచి చదివి వినిపించమనొచ్చు. కానీ అక్షరం అక్షరం చూసిన మనిషి ఏ నోటితో అడుగుతాడు?

ఇక ఊహించడమొక్కటే మిగిలింది. కొత్త కోర్సా? లైబ్రరీ వేళలా? ల్యాబ్‌లో మైక్రోస్కోపులా? మైక్రోస్కోపు వచ్చిందని చదివి ఎవరూ కళ్లు తుడుచుకోరు. బుర్ర గోక్కుంటూ ఉండగా క్యాంటీన్ అతను టీ పట్టుకొచ్చాడు.

"సార్, సోమవారం నుంచి మీ టీ పొద్దున ఏడున్నరకే పంపమంటారా? భౌతికశాస్త్రం మేడంగారు ఉత్తరం సంగతి చెప్పారు."

"పంపు," అన్నాడు హుందాగా.

ఏడున్నరంటే ఆయన మంచం మీద రెండో వైపు తిరిగి పడుకునే వేళ. ఉత్తరంలో టీ వేళలు కూడా ఎక్కించారా, ఖర్మ!

మూడయింది. హాలు నిండిపోయింది. అందరూ ఆయన వంకే చూస్తున్నారు, అదీ ఎంతో ఆప్యాయంగా.

"మొదటి మాట మీదే సార్," అంటూ రిజిస్ట్రారు మైకు అందించాడు.

దిక్కుతోచనప్పుడు ఆయన్ని ఆదుకునే వాక్యం ఒకటుంది. "పదవులు వస్తాయి, పోతాయి. నా ప్రాణమంతా నల్లబల్ల దగ్గరే ఉంది." మైకు దొరికిన ప్రతిసారీ ఈ మాట అంటాడు. నిజానికి సుద్దముక్క ముట్టుకుని పదకొండేళ్లయింది. తరగతికి వెళ్లమంటే ఆయనకి నడుంనొప్పి వస్తుంది. పాపం, ఆఫీసమ్మాయి మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా నోట్‌బుక్కులో రాసుకుంటుంది.

ఇవాళా అదే అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లతో ధైర్యం వచ్చింది. వచ్చినది అక్కడితో ఆగితే బాగుండేది.

"మూడో పేరా గురించి రెండో మాట లేదు," అన్నాడు గొంతు పెంచి. "అక్షరం పొల్లుపోకుండా అమలు కావాలి. ఒక్కరోజు తప్పినా ఊరుకునేది లేదు. నడుంనొప్పులు, కాలినొప్పులు చెబితే నేను వినను!"

హాలంతా లేచి నిలబడింది. భౌతికశాస్త్రం మేడం ఈల వేసినంత పని చేసింది. ఆఫీసమ్మాయి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

గండం గడిచిందని ఆయన రుమాలుతో మెడ తుడుచుకుని కూర్చున్నాడు. చదవకుండానే ఇంత బాగా మాట్లాడానంటే, చదివుంటే ఇంకెంత చెడగొట్టేవాణ్నో అని లోలోపల నవ్వుకున్నాడు కూడా.

"ఇంత గొప్ప మాటని అందరం కలిసి మరోసారి చదువుకుందాం," అంటూ రిజిస్ట్రారు దీపాలు తగ్గించమన్నాడు. ఎదుటి గోడమీద తెర వెలిగింది. ఆయన తీరిగ్గా తలెత్తి చదవడం మొదలుపెట్టాడు.

'వచ్చే సోమవారం నుంచి రోజూ ఉదయం ఎనిమిదింటికి మొదటి సంవత్సరం విద్యార్థులకి లెక్కలు నేనే చెబుతాను. నా ప్రాణమంతా నల్లబల్ల దగ్గరే ఉంది' అన్న మూడో పేరా కింద, వైస్ ఛాన్సలర్ అన్న హోదాకి సరిగ్గా పైన, తాటికాయంత అక్షరాలతో ఉన్న పేరు ఆయనదే.