గబ్బిలాల భాషా పీరియడ్

పాడుబడ్డ కోటలో గబ్బిలాల పిల్లలకు కోడి పంతులమ్మ బడి నడిపేది. "మా బుజ్జిదానికి మా భాష కూడా నేర్పండమ్మా" అని ముసలి గబ్బిలం గుహలమ్మ వచ్చీరాని కోడి భాషలో బతిమాలింది. పంతులమ్మ సరేనంది.

అయితే గబ్బిలాల కూత కోళ్ళ చెవికి ఆనదు. ఎంత చెవి రిక్కించినా ఏమీ వినపడకపోయేసరికి, "ఓహో, వీళ్ళ భాష మౌనమన్నమాట!" అని పంతులమ్మ తేల్చేసింది. ఇక ఆ పీరియడ్‌లో నోరు మూసుకోవడమే పాఠం. నోరు తెరిచినవాళ్ళకు గోడకుర్చీ. బుజ్జిది ఫస్టున పాసైంది.

ఆ సాయంత్రం గుహలమ్మ మనవరాలిని ఎగరడానికి తీసుకెళ్ళింది. గబ్బిలం పెట్టిన కూత చెట్టుకు తగిలి తిరిగొస్తేనే దానికి దారి తెలిసేది. బుజ్జిది నోరు మూసుకుని ఎగిరి, తిన్నగా వెళ్ళి తాటిచెట్టుకు గుద్దుకుంది.

"కూత పెట్టలేదేమే?"

"మన భాషలో నోరు తెరవకూడదట, నానమ్మా!" నుదుటి బొప్పి తడుముకుంటూ కోడి భాషలో చెప్పింది బుజ్జిది.

గుహలమ్మకు ఒళ్ళు మండిపోయింది. బడికెళ్ళి, కోడి భాష సంగతే మర్చిపోయి, తన భాషలోనే పంతులమ్మను దుమ్మెత్తిపోసింది.

పంతులమ్మ కళ్ళు చెమర్చాయి. "ఆహా, అంత నోరు తెరిచినా చిన్న చప్పుడైనా లేదు, ఎంత స్వచ్ఛమైన ఉచ్చారణ! రేపట్నుంచి ఆ పాఠం మీరే చెప్పాలి."

మర్నాటి నుంచి ఆ పీరియడ్‌లో పిల్లలంతా గొంతు చించుకుని అరుస్తున్నారు. గుమ్మంలో పంతులమ్మ, "ఎంత క్రమశిక్షణ!" అని మురిసిపోతూ హాయిగా కునుకు తీస్తోంది.