బొగ్గుతో గీసిన చెయ్యి

మెహ్రెత్‌కు అన్నిటికంటే పెద్ద భయం, ఆ ఉత్తరం దొరుకుతుందేమోనని.

"కొండల మీంచి ఇంకో పెట్టె వచ్చింది చెల్లెమ్మా," అన్నాడు గిర్మాయ్, ఆమె గుమ్మంలో కనిపించగానే. "ఓ పాత కందకం వానకు కూలితే బయటపడిందట. ఏ ఏటివో ఏమో, తేదీలు లేవు. కూర్చో, ముందు టీ తాగు."

మెహ్రెత్ వీపున ఉన్న కూతురు ఫెవెన్‌ను దించి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. అయినా మళ్ళీ తాకింది.

"పసిపిల్లను ఈ దుమ్ములోకి తెస్తావేం? పక్కింట్లో వదిలి రావచ్చుగా."

"వదలను."

"అస్మరాలో పిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోరమ్మా."

"తెలుసన్నా. వదలను, అంతే."

యుద్ధపు కాగితాలు భద్రపరిచే ఆ భవనంలో గిర్మాయ్‌ది చివరి గది. ముప్పై ఏళ్ళ యుద్ధం ముగిసి ఏడాది దాటింది. ఆయనా పోరాడినవాడే. ఒక కాలు అక్కడే వదిలేసి వచ్చాడు. మిగిలిన కాలికి ఇప్పటికీ కొండల్లో పోరాడేవాళ్ళంతా తొడిగిన నల్ల ప్లాస్టిక్ చెప్పే. బతికొచ్చినవాళ్ళు తమ ఉత్తరాలు తమతోనే ఇళ్ళకు పట్టుకుపోయారు. ఈ గదికి చేరేవన్నీ పోయినవాళ్ళ జేబుల్లోవి, మట్టిలో దొరికినవి. అందుకే ఇక్కడికి వచ్చేవాళ్ళు దొరక్కూడదని మొక్కుకుంటూ వెతుకుతారు. దొరకనంత కాలం మెహ్రెత్‌కు ఎదురుచూడటానికి ఒక మనిషి ఉన్నట్టే. అలాగని రాకుండానూ ఉండలేదు.

ఆమె కప్పు అందుకుంది. చిటికెన వేలు పక్కకు పొడుచుకొచ్చింది.

"అదిగో, మనల్ని ఏలిన ఇటలీ దొరసాని!" గిర్మాయ్ ఎప్పటిలాగే ఏడిపించాడు. "మా టీకి అంత మర్యాద అక్కర్లేదమ్మా."

మెహ్రెత్ నవ్వి, ఆ చేతిని తెల్లని పైబట్ట కిందికి లాక్కుంది.

"ఇవాళైనా పేరు చెప్పు. పేరుంటే వెతకడం సులువు."

"చెబితే మీరు పుస్తకంలో రాసేస్తారు. రాశారంటే ఇక పోయినట్టే."

"ఎన్ని ఊళ్ళ జనం వచ్చారో ఇక్కడికి, నీ అంత మొండిదాన్ని చూడలేదు. ఎవరికి తెలుసు? నీ మొగుడు సూడాన్‌లో టీ కొట్టు పెట్టుకుని, గడ్డం పెంచి, మనందర్నీ మరిచిపోయాడేమో!"

"మరిచిపోయినా సరేనన్నా. ఎక్కడో ఒకచోట ఉంటే చాలు."

నిరుడు ట్రక్కులు ఊళ్ళోకి వచ్చిన రోజున, రొట్టె మూట పట్టుకుని ఆమె రోడ్డు పక్కన నిలబడింది. భుజాన తుపాకులతో ఆడవాళ్ళూ మగవాళ్ళూ దూకుతూ ఉంటే ఒక్కో ముఖాన్నీ వెతికింది. ప్రతివాళ్ళ మెడకూ ఎవరో ఒకరు చుట్టుకుపోయారు. కాసేపటికి రోడ్డు ఖాళీ అయింది. రొట్టె మూట అలాగే ఉంది. ఆ ముఖం తనకసలు సరిగ్గా గుర్తుందా అన్న దిగులు ఆ సాయంత్రమే మొదలైంది.

"సరే, గుర్తులు మళ్ళీ చెప్పు," అన్నాడు గిర్మాయ్ పెట్టె మూత తీస్తూ.

"రాత ఉండదు. చిన్న చెయ్యి ఉంటుంది, బొగ్గుతో గీసింది."

"బొగ్గేమిటి, పెన్సిల్ లేదా?"

"ఆ పొద్దున దొరకలేదు. వెళ్ళే తొందర. పిల్ల చేతిని కాగితం మీద పెట్టించి చుట్టూ గీసుకున్నారు. మళ్ళీ వచ్చాక దీని మీదే పెట్టి చూద్దాం, ఎంత పెరిగిందో అన్నారు."

గిర్మాయ్ పెట్టెను ముందుకు లాక్కున్నాడు. ఒక్కో కాగితాన్నీ మట్టి దులిపి, విప్పి, పక్కన పెడుతున్నాడు. ఫెవెన్ ఖాళీ కప్పును బల్ల మీద దొర్లించి ఆడుకుంటోంది. సగం పెట్టె అయ్యేసరికి ఆయన చేతులు ఆగిపోయాయి.

నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర చిరుగులు పట్టింది. మధ్యలో నల్లటి చిన్న అరచెయ్యి. చిటికెన వేలు మాత్రం పక్కకు పోయింది.

"గీసేటప్పుడు పిల్ల చెయ్యి కదిపినట్టుంది," అన్నాడు చివరికి.

మెహ్రెత్ ఫెవెన్‌ను దగ్గరికి లాక్కుంది.

"ఉండు, కంగారుపడకు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటిది గీస్తారు. ఏదీ, మన ఫెవెన్ చెయ్యి ఇటివ్వు."

ఫెవెన్ చేతిని ఆ బొమ్మ మీద పరిచాడు. గీత లోపలే చుట్టూ ఇంకా బోలెడంత చోటు మిగిలింది. ఇంత పిల్ల చేతులు రెండు పడతాయి అందులో.

"చూశావా!" గిర్మాయ్ బల్ల చరిచాడు. "పిల్లలు పెరుగుతారు గానీ తరుగుతారా? ఎప్పుడో గీసిన చెయ్యి ఇప్పటి చెయ్యి కంటే పెద్దగా ఎలా ఉంటుంది? ఇది మీది కాదు చెల్లెమ్మా! పో, ఇంటికెళ్ళి కాఫీ కాచుకుని హాయిగా తాగు."

ఆయన ముఖం వెలిగిపోతోంది. మెహ్రెత్ లేవలేదు. పైబట్ట కింద ఎడమ చెయ్యి కుడి చేతిని గట్టిగా పట్టుకుంది.

"వెనక ఏమైనా రాసుందా అన్నా?"

"రాత ఉండదన్నావుగా?"

"నేను చూసినప్పుడు లేదు."

గిర్మాయ్ కాగితం తిప్పాడు. మాసిపోయిన పెన్సిల్ రాత, ఒకే ఒక్క వరుస. చదవబోతుంటే ఆమె కుడి చెయ్యి చాచింది, చిటికెన వేలు పక్కకు పొడుచుకునే ఉంది.

"ఇటివ్వండి. నేనే చదువుకుంటా."

కొండల్లో, చెట్ల కింది బడిలో నేర్చుకున్న చదువు ఆమెది. బాంబుల విమానాలు వచ్చినప్పుడల్లా ఆగి, చివరికి మధ్యలోనే ఆగిపోయింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పైకే చదివింది:

"ఇది ఎవరికి దొరికినా, ఈ అమ్మకు బదులుగా ఒక్కసారి బడికి వెళ్ళి మా మెహ్రెత్‌ను చూసి రండి."