రెండు రెక్కల కొలత

"టైలర్ గారూ! మా చుక్కలది గానీ మీ వైపు దిగిందా?"

గోడ అవతల నుంచి కండక్టరమ్మ కేక. ముప్పై ఏళ్లు బస్సులో చివరి సీటుదాకా వినిపించిన గొంతు, ఉద్యోగం నుంచి దిగినా తగ్గలేదు.

"దిగిందమ్మా. కటింగ్ బల్ల ఎక్కి జాకెట్ గుడ్డ మీద కూర్చుంది."

"టికెట్ లేకుండా ఎక్కే రకమే అది. దింపెయ్యండి!"

టైలరు కోడిని చంకలో ఇరికించుకుని, మెడలో టేపు, చేతిలో పెద్ద కత్తెరతో పక్కింటికి బయలుదేరాడు. రెండిళ్ల మధ్య గోడ నడుమెత్తు కూడా లేదు. కండక్టరమ్మకు ఆరు కోళ్లు. నెల కిందట అవి గోడ దూకడం మొదలుపెట్టినప్పుడు ఆవిడే అడిగింది. "రెక్కలు కత్తిరిస్తే ఎగరవంట. కత్తెర పట్టిన చెయ్యి మీది. కాస్త ఆ పుణ్యం కట్టుకోండి" అని. అప్పటి నుంచీ ఇదే పని.

ఆవిడ కోడిని ఒళ్లో పెట్టుకుని రెక్క విప్పి పట్టుకుంది. ఆయన టేపు పెట్టి కొలిచాడు, సుద్దతో గీత గీశాడు, ఈకల కొసలు రెండంగుళాలు కత్తిరించాడు. తర్వాత రెండో రెక్క కొలవడానికి అటువైపు తిరిగాడు.

"కోడీకలకు కొలతలేమిటండీ బాబూ! చకచకా కోసెయ్యక."

"రెండు చేతులూ సమానంగా రావాలి కదమ్మా. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయితే జాకెట్ ఎవరు వేసుకుంటారు?"

"ఇదేమన్నా జాకెట్ తొడుక్కుని పెళ్లికి పోతుందా?"

"పోయినా పోతుంది. మీ కోడి కదా, ఊరికే ఉండదు."

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వాక టీ పెట్టింది. టీ అయ్యేసరికి సాయంత్రమైంది.

మర్నాడు ఇంకో కోడి దూకింది. ఆ మర్నాడు మళ్లీ చుక్కలదే. టైలరు విసుక్కుంటూ వెళ్లేవాడు, ఇంకో అరంగుళం కోసి వచ్చేవాడు. విసుగు పైపైనే. భార్య పోయిన నాలుగేళ్లలో ఆ ఇంట్లో మాట్లాడింది కుట్టు మిషనొక్కటే.

ఒకరోజు దాణా కొట్టులో ఈ సంగతి కదిలిస్తే, కొట్టతను నుదురు కొట్టుకున్నాడు.

"రెండూ కోస్తున్నావా బాబాయ్? అందుకే దూకుతున్నాయి! రెండువైపులా సమానమైతే ఎలాగోలా రెక్కలు కొట్టుకుని గోడెక్కేస్తాయి. ఒక్క రెక్కే కొయ్యాలి. అప్పుడు ఎగరబోతే ఒక పక్కకి ఒరిగి కింద పడతాయి. రెండు రోజుల్లో బుద్ధొస్తుంది."

టైలరు తలూపి ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం కూడా రెండు రెక్కలూ కొలిచాడు, రెండూ కోశాడు. అబద్ధమేం ఆడలేదు కదా, ఆవిడ అడగలేదు కనక చెప్పలేదు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అలా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు ఎవరో ప్యాంటు పట్టుకెళ్తూ ఆయన గేటు తీసి వదిలేశారు. గోడ దూకిన చుక్కలది ఆ గేటులోంచి వీధిలోకి పోయింది. కుక్క పట్టుకుంది. కండక్టరమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, పాత విజిల్ తీసి ఊదిన ఊదుడికి కుక్క అదిరిపడి కోడిని వదిలేసింది. ప్రాణం దక్కింది. తోక మాత్రం కుక్కతో పోయింది.

ఆవిడ టైలరు గుమ్మంలో కూలబడి, కోడిని కొంగులో చుట్టి పెట్టుకుంది. అంత పెద్ద గొంతూ ఎటు పోయిందో.

"తప్పు నాదే" అంది నెమ్మదిగా.

"మీదెందుకవుతుందమ్మా!" అన్నాడాయన. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారగానే గేటుకు స్ప్రింగు వేయించాడు, దానంతటదే మూసుకునేలా. తర్వాత కత్తెర తీసుకుని పక్కింటికి వెళ్లాడు. టేపు తీసుకెళ్లలేదు. ఆరు కోళ్లకూ కుడి రెక్క ఈకలు దాదాపు మొదలుదాకా కోశాడు. ఎడమ రెక్క ముట్టుకోలేదు.

"అదేమిటి, సమానంగా రావాలన్నారుగా?"

"ఒక్కటే కొయ్యాలటమ్మా. దాణా కొట్టతను చెప్పాడు."

"ఎప్పుడు?"

ఆయన కత్తెరకు అంటిన ఈకను తీస్తూ కూర్చున్నాడు. "పది పదకొండు రోజులైంది."

తిడుతుందనుకున్నాడు. బస్సులో దొంగ టికెట్ పట్టుకున్నట్టు నలుగురికీ వినిపించేలా కడుగుతుందనుకున్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, అంతే.

"అయితే ఇక దూకవన్నమాట."

"దూకవమ్మా."

"మంచిదే" అంది. ఆ రోజు టీలో చక్కెర వెయ్యడం మరిచిపోయింది. ఆయనా అడగలేదు.

దాణా కొట్టతను చెప్పినట్టే అయింది. రెండు రోజులు గోడవతల దబ్ దబ్‌మని పడిన చప్పుళ్లు వినిపించాయి, తర్వాత అవీ లేవు. టైలరు బల్ల ముందు కూర్చుని ఒక చొక్కాకు కుడి చెయ్యి ఎడమ వైపు కుట్టాడు. విప్పి మళ్లీ కుట్టాడు. మళ్లీ అటే కుట్టాడు. గోడ వైపు చూడకూడదనుకుంటూనే నాలుగు రోజులు అటే చూశాడు. కోడి గోల లేక బల్ల మీద గుడ్డలు శుభ్రంగా ఉన్నాయి. పక్కింటికి వెళ్లడానికి పనేమీ లేదు.

అయిదో రోజు పొద్దున్నే బల్ల మీద ధబ్‌మని చప్పుడైంది.

చుక్కలది! తోక లేకుండా, చొక్కా గుడ్డ మీద నిలబడి, ఏమిటన్నట్టు చూస్తోంది. ఆయన గబుక్కున పట్టుకుని కుడి రెక్క విప్పాడు. తను కోసింది కోసినట్టే ఉంది, గీత గీసినట్టు తిన్నగా. మరెలా ఎగిరింది? కోడిని అటు తిప్పి ఎడమ రెక్క విప్పాడు.

అదీ కత్తిరించి ఉంది, వంకరటింకరగా.