వణికిన చెయ్యి

"మా మామయ్యకు చెయ్యి వణుకుతోందండీ. పెద్దతనం కదా. మీ గొంతు, మీ ఇష్టం."

మేనల్లుడు చేసిన ప్రచారమంతా ఇంతే. కత్తి పట్టడం నేర్పిన మేనమామ షాపుకి ఎదురుగానే, ఏసీ పెట్టి మరీ కటింగ్ షాపు తెరిచాడు వాడు. వారం తిరక్కుండా మామ షాపుకి ఈగలు తప్ప గిరాకీ లేదు. వాటికేమో గడ్డాలు రావు.

మామ చెయ్యి వణకలేదు. కడుపు మాత్రం రగిలింది.

"వాడి చెయ్యే వణకాలి. నిండు షాపులో, నలుగురూ చూస్తుండగా," అన్నాడు భార్యతో.

"పొరుగువాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకుంటారా ఏంటి?"

"ముక్కు దాకా ఎందుకే. కాస్త కిందైతే చాలు."

ఆయుధం మేనల్లుడే ఇచ్చాడు. షాపు తెరిచిన రోజున "నీకిష్టమైన పాట పెట్టుకో మామయ్యా" అంటూ మామ ఫోనును తన పాటల పెట్టెకు బ్లూటూత్‌తో కలిపాడు. ఒకసారి కలిసిన ఫోనును ఆ పెట్టె మరిచిపోదు. ఆ బుద్ధి మనుషులకే లేదు.

చిక్కల్లా ఒక్కటే. మామ తన షాపులోంచి ఫోను నొక్కితే బ్లూటూత్ వీధి దాటి అందలేదు. మేనల్లుడి షాపు బయట కరెంటు స్తంభం పక్కన నిలబడి నొక్కితే గోడ అడ్డొచ్చింది. లోపలికి వెళ్ళాల్సిందే.

ఆదివారం పొద్దున మేనల్లుడి షాపు కిటకిటలాడుతోంది. కుర్చీలో ఉన్నది మామూలు మీసం కాదు. నిమ్మకాయలు నిలబెట్టొచ్చని వీధంతా చెప్పుకునే మీసం. ఇన్నేళ్ళూ మామ కత్తి తప్ప మరో కత్తి ఎరగనిది.

"చూశారా," మేనల్లుడు బెంచీ మీదివాళ్ళకు కన్నుగీటాడు. "చివరికి ఈ మీసం కూడా నా దగ్గరికే వచ్చింది."

పాట ఆపాడు. కత్తి నూరాడు.

"కదలొద్దు. వెంట్రుకవాసి పని."

అద్దంలో మామకు అంతా కనిపిస్తోంది. కత్తి మీసం అంచుకు ఆనింది. తెల్లగుడ్డ చాటున మామ బొటనవేలు ఫోనుకు ఆనింది.

పెట్టెలోంచి లారీ హారన్ మోగింది. అద్దాలు జిల్లుమన్నాయి. మేనల్లుడు ఎగిరిపడ్డాడు. కుడివైపు మీసం తెగిన బల్లితోకలా నేల మీద పడింది.

"నేను కాదు... ఆ పెట్టె..." అంటూ మేనల్లుడు కత్తితోనే పాటల పెట్టెను చూపించాడు.

"అబ్బాయికి చెయ్యి వణుకుతున్నట్టుందే," అన్నాడు ఒకాయన, గొంతు తడుముకుంటూ లేచి.

"ఈ వయసులోనేనా, పాపం," అన్నాడు ఇంకొకాయన, చెప్పులు వెతుక్కుంటూ.

ఒక్కొక్కరే వీధి దాటారు. ఎదురు షాపుకి తాళం వేసి ఉన్నా, మెట్ల మీద వరసగా కూర్చున్నారు.

మామ తన మెడకు కట్టిన గుడ్డ తానే విప్పుకుని, మిగిలిన సగం మీసాన్ని మెలేసుకుంటూ, తాళంచెవి చేత్తో పట్టుకుని మేనల్లుడి కుర్చీలోంచి లేచాడు.