అత్తగారి ఫోల్డరు

పేర్లు చెబితే గాని గడప దాటనివ్వనని ఆడపడుచు సుదీప్తి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వధూవరులు పేర్లు చెప్పడం అయ్యాక కొత్తకోడలు మేఘమాల ముందు ఫోను పెట్టింది.

“షేరింగ్ కూడా ఆన్ చేసెయ్ వదినా.”

అప్పటికి మనుషుల జ్ఞాపకాలన్నీ ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉండేవి. ఎవరివి ఎవరైనా చూడొచ్చు, కావాలంటే హాల్లో ప్రింటరు నుంచి ఫొటో తీసుకోవచ్చు. దాచుకుంటే అత్తింటివాళ్లను పరాయివాళ్లనుకున్నట్టే.

మేఘమాల వేలు ఆగిపోయింది. పెళ్లికి ముందురోజు నాన్న, ఎవరూ చూడడం లేదనుకుని, స్టోర్‌రూములో కూర్చుని ఏడ్చారు. అది ఈ హాల్లో ఫొటోగా బయటికొస్తే ఆయన తలెత్తుకోగలరా?

“హారతి ఆరిపోతోంది, ముందు లోపలికి రానీవే,” అంటూ అత్తగారు కనకవల్లి కూతుర్ని పక్కకు జరిపింది.

మధ్యాహ్నం వంటింట్లో మేఘమాల అత్తగారితో నాన్న సంగతి చెప్పేసింది. కనకవల్లి చెయ్యి తుడుచుకుని తన ఫోను చూపించింది. అన్నీ అందరికీ తెరిచే ఉన్నాయి. ఒక ఫోల్డరు పేరు ‘పచ్చళ్ల కొలతలు’.

“ఇందులో కొలతలేం లేవమ్మా. కాపురానికొచ్చినప్పటి నుంచి నా ఏడుపులూ నవ్వులూ ఇందులోనే ఉన్నాయి.”

“తాళం వెయ్యలేదేం అత్తయ్యా? ఎవరైనా తెరిస్తే?”

“ఈ ఇంట్లో పచ్చడి తినేవాళ్లే గాని, ఎలా పెట్టావని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు,” అంది కనకవల్లి, మూకుడు దించుతూ.

సాయంత్రం మేఘమాల షేరింగ్ ఆన్ చేసింది. నాన్న ఏడ్చిన రోజునూ, ఈ మధ్యాహ్నాన్నీ మాత్రం ‘పోపు దినుసులు’ అని పేరు పెట్టిన ఫోల్డరులో పెట్టింది.