కండలో కొవ్వు

"పేర్లు రాయొద్దమ్మాయ్. పేరు రాస్తే పక్షపాతమంటారు. ఎవరి బండి మీద ఏ జిల్లా నంబరుంటే అది ఉన్నదున్నట్టు వాళ్ళ ఫిల్ము మీద రాయి, చాలు," అన్నాడు డాక్టర్ పట్టాభి.

స్కానింగు చేసే రోహిణి తలూపింది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ నర్సింగ్‌హోమ్‌కి కొత్త అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చి వారమైంది. తొడ మీద జెల్ రాసి ఆనిస్తే కండలో ఎంత కొవ్వుందో చెప్పేస్తుంది. మంచి కండ నల్లగా కనపడుతుంది, కొవ్వు చేరినకొద్దీ తెల్లబడుతుంది. రోగుల కోసం కొన్నారని అందరూ అనుకున్నారు. యజమాని పట్టాభి మాత్రం దాంతో ముందు భిక్షపతి ఉద్యోగం ఊడగొట్టాలనుకున్నాడు.

భిక్షపతి స్ట్రెచర్ తోసే మనిషి. మీర్‌పేట్ నుంచి వస్తాడు. డ్యూటీ దిగి ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమం టెంటు కింద కూర్చుంటాడు. పట్టాభికి అదే కంట్లో నలుసు. టెంటులో కూర్చున్నాడని తీసేస్తే అద్దాలు పగులుతాయి. ఒంట్లో సత్తువ లేదని తీసేస్తే ఎవడూ నోరెత్తడు. అందుకే సిబ్బందందరికీ పరీక్ష అన్నాడు. అనుమానం రాకుండా ముందు తనే బల్లెక్కాడు. పెద్దమనిషి నిజాయితీకి అంతకన్నా సాక్ష్యమేం కావాలి?

"సార్, మా బిడ్డ ఇంటర్ల ఉన్నది. నా నౌకరి జర సూడుండ్రి," అన్నాడు భిక్షపతి బల్ల దిగుతూ.

"నేను చూసేదేముందయ్యా, మిషనే చూస్తుంది. మా విజయవాడవాళ్ళు నాలుగింటికే లేస్తారు. మీరు పదింటికి లేచి రాష్ట్రం కావాలంటారు."

"స్ట్రెచర్ దానంతటదే పోతలేదు గద సార్."

పట్టాభి తర్వాతి మనిషిని బల్లెక్కమన్నాడు.

"రింగురోడ్డు కాడ పొద్దుగాల నుంచి రాస్తారోకో అయితాంది. మీ కారునెట్ల ఇడిసిన్రు సార్?" అడిగింది రోహిణి.

"తెలివుంటే దారి అదే దొరుకుతుంది," అని నవ్వాడు.

సాయంత్రం సిబ్బందందరినీ పిలిపించి ఫిల్ములు ఒక్కొక్కటే లైటు పెట్టె మీద పెట్టాడు. మొదటిది నల్లగా నిగనిగలాడుతోంది. మూల మీద ఏపీ 16 అని ఉంది.

"చూశారా, మా కృష్ణాజిల్లా నంబరు. ఎవరోగానీ మావాడే. కృష్ణ నీళ్ళు తాగిన కండ ఇలా ఉంటుంది."

నాలుగైదు ఫిల్ముల తర్వాత ఒకటి సున్నం కొట్టిన గోడలా తెల్లగా మెరిసింది. మూల మీద టీజీ 29 అని ఉంది. 29 అంటే మీర్‌పేట్ వైపు నంబరే. ఉద్యమంలో ఉన్నవాళ్ళు బండ్ల మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాసుకుంటున్న రోజులవి. పట్టాభి కడుపు నిండిపోయింది.

"ఇదిగో, టీజీ మొనగాడి తొడ. కండ కాదిది, వెన్నముద్ద. నంబరు ప్లేటు మార్చినంత తేలికా ఒళ్ళు వంచడం?"

"సార్, అది..." అంది రోహిణి.

"నువ్వాగమ్మాయ్."

కాగితం తీసి ఎర్ర పెన్నుతో రాశాడు. 'ఈ తొడ గల మనిషి పనికి అనర్హుడు. రేపటి నుంచి ఈ మెట్లెక్కరాదు.' సంతకం పెట్టి, ముద్ర గుద్ది, ఫిల్ముతో పాటు నోటీసు బోర్డుకు గుచ్చాడు. "ఇక వెళ్ళు," అన్నాడు భిక్షపతితో.

భిక్షపతి మొహంలో నెత్తుటి చుక్క లేదు. కూతురి ఫీజు గుర్తొచ్చింది. బోర్డు దగ్గరికి పోయి ఫిల్ము మూల చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఇది నాది గాదు సార్. నా స్కూటర్ మీ విజయవాడాయన తాన సెకండ్‌హ్యాండుల కొన్న. దాని మీద ఇంకా ఏపీ పదహారే ఉన్నది."

నల్లటి ఫిల్ము ఎవరిదో అందరికీ అర్థమైంది. పట్టాభి మొహం కందగడ్డయింది.

"మరి ఈ టీజీ బండి ఎవడిదిరా?"

రోహిణి కిటికీ తెరిచింది. అందరూ కిందికి తొంగి చూశారు.

29 నంబరు ముందు టీజీ స్టిక్కరు అంటించుకుని డాక్టరుగారి కారు నిలబడి ఉంది.